గట్టు మట్టి

ఉదయం ఏడుంబావుకు అఫ్జల్‌గంజ్‌లో బస్సు కదిలింది. పక్క సీటు పెద్దాయన ఒళ్లో చిన్న మూట ఉంది. బియ్యమా అని అడిగాను.

"మట్టి సారూ. జహనుమల ఉండే మా బిడ్డ కుండీలకు."

"పట్నంల మట్టికి గూడ కరువొచ్చిందా?"

"మంచి మట్టికి వచ్చింది," అని నవ్వాడు.

వాళ్ల ఊరి పక్కన మూతపడ్డ గని ఉందట. విషమెక్కిన ఆ నేలను బాగుచేయడానికి సర్కారు కాంట్రాక్టు ఇచ్చింది. పైన అడుగు మందాన మంచి మట్టి పరచాలి. కాంట్రాక్టర్ ఆ మట్టిని ఈయన పొలం నుంచే కొన్నాడు.

"పైమట్టి మొత్తం ఇచ్చినవా?"

"ఇచ్చిన. కింద ఉన్నది గూడ మట్టే గదా అనుకున్న. తవ్వినంక చూస్తే అంతా మొరమే. జొన్న ఏస్తే మొలకే రాలే."

"మరి గని?"

"ఆడ గడ్డి మస్తుగ మొలిచింది. ఆఫీసర్లొచ్చి ఫొటోలు దిగిన్రు."

మూటలోది పొలం గట్టు మీద మిగిలిన మట్టి.

"మీ ఇంట్ల కుండీలున్నయా?" అన్నాడు.

"ఉన్నయి. మా ఆవిడ పోయినంక ఖాళీ."

ఆయన ముడి విప్పి, రెండు గుప్పిళ్లు నా టిఫిన్ డబ్బా మూతలో పోసి, జహనుమలో దిగిపోయాడు.

ఆ మట్టిలో ఇప్పుడు పుదీనా ఉంది. ఆ మట్టి వచ్చిన పొలంలో జొన్న వేయడం లేదు.