ఆడబిడ్డ శ్రీమంతానికి నేను కట్టిన మూట

మా అమ్మాయికి ఏడాది నిండిన నెలలోనే మా ఆడబిడ్డకు ఏడో నెల వచ్చింది. ఆమెను కొండపాకకు ఇచ్చాం. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి బండి కట్టించి సిద్దిపేటకు తీసుకొచ్చారు. శ్రీమంతానికి ఎవరు ఏం పెట్టాలో మా అత్తగారే నిర్ణయించారు. ఆడబిడ్డ మేనత్త జరీ పని చేసిన మఖ్మల్ టోపీ పెట్టాలి. పెద్దమ్మ వెండి కడియాలు పెట్టాలి. మిగిలినవాళ్ళు రైక గుడ్డలు తెస్తారు.

"మరి నేనేం పెట్టాలె అత్తమ్మా?" అని అడిగాను.

"ఇంటి కోడలివి, నువ్వు పెట్టేదేంది? గాజులు తొడుగు, సాలు."

అప్పటికి ఏడాదిగా నేను చంటిపిల్లతో పడిన పాట్లు ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. నా శ్రీమంతానికీ అలాంటి టోపీ, కడియాలే వచ్చాయి, వాటితో ఒక వెండి ఉగ్గుగిన్నె. టోపీ పెట్టిన పూటే పిల్ల తల చెమటకాయలతో నిండిపోయింది. కడియాల కొక్కెం బొంతకు తగులుకుని, విడిపించేలోగా కాలు గీరుకుపోయింది. ఆ గిన్నె మూతి వెడల్పు. ఉగ్గు పడితే సగం మెడ కిందికే కారేది. కావలసినవి మాత్రం లేవు. అవి లడాయి రోజులు, యుద్ధం వల్ల అన్నిటికీ కరువే. మిల్లు బట్ట రేషన్ మీద అమ్మే కంట్రోల్ దుకాణంలోనే దొరికేది, అదీ అట్టలా బిగుసుకుపోయి ఉండేది. వానాకాలమంతా ఉతికిన గుడ్డ ఆరక, తడివే మళ్ళీ మళ్ళీ వేసి, పిల్ల తొడలు ఎర్రగా ఒరిసిపోయాయి.

అందుకే ఈసారి చంటిబిడ్డకు నిజంగా అక్కరకొచ్చేవే పెట్టాలనుకున్నాను. మా పుట్టింటికి కబురు పెట్టి నాయిన పాత ధోవతులు ఐదు తెప్పించుకున్నాను. వేడినీళ్ళలో ఉడికించి, ఉతికి, చదరంగా చింపి అంచులు మడిచి కుట్టాను. పాత చీరలతో రెండు చిన్న బొంతలు కుట్టాను. ఇరుకు మూతి ఉగ్గుగిన్నె, సీసాడు ఆముదం సంపాదించాను. ఇక పలుచటి బట్ట ఒక్కటే మిగిలింది.

దుబ్బాక నుంచి ఒక నేత తాత వారానికోసారి తువ్వాళ్ళు, చీరలు భుజాన వేసుకుని మా వాడకు వచ్చేవాడు. ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి అడిగాను.

"తాతా, నాకు వదులుగ నేసిన బట్ట గావాలె. గంజి పెట్టొద్దు. ఉతికితె గడియల ఆరాలె."

ఆయన నన్ను వింతగా చూశాడు. "వదులుగనా? గదేం బట్ట బిడ్డా? గట్టిగ నేసుడు నేర్వనీకె మా బాపు చేత దెబ్బలు తిన్న. ఇప్పుడు వదులుగ నేస్తె మా వాడోళ్ళు నవ్వరా?"

"చంటిపిల్లకు తాతా. గట్టి బట్ట గుచ్చుకుంటది, తడి పీల్చది."

"నూలే లెక్కపెట్టి ఇస్తున్రు. గా నూలుతోని జల్లెడ నెయ్యమంటవా?"

ఆ వారం ఒప్పుకోలేదు. పై వారమూ అంతే. మూడో వారం వచ్చి, తువ్వాళ్ళ మడతల్లోంచి ఒక బట్ట తీసి నా ముందు పడేశాడు. మగ్గం మీద మిగిలిన పోగులన్నీ కలిపి నేశాడు. ఒక దగ్గర ఎరుపు, ఒక దగ్గర నీలం, మధ్యలో పసుపు. చూడ్డానికి అందంగా లేదు కానీ చేతికి దూదిలా తగిలింది.

"నేను నేసిన్నని ఎవ్వలకు చెప్పకు," అని మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

శ్రీమంతం రోజు ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి అందరూ ఒడి నింపారు. టోపీ, కడియాలు చేతులు మారి ముత్తయిదువలందరి మెప్పూ పొందాయి. నేను గాజులు తొడిగి, నా మూట ఆమె పక్కన పెట్టాను. మేనత్త ముడి విప్పింది. పైనే ధోవతి గుడ్డలు కనిపించాయి.

"గివేంది, పాత బట్టలా?" అంది.

అత్తగారి ముఖం నల్లబడింది. "శుభమా అని ఒడి నింపుతుంటె పాత గుడ్డలు పెడ్తవా? బిడ్డ ఇంక భూమ్మీద పడనే లేదు, అప్పుడే బొంతలా? నీకు తెల్వదా, నీకెవ్వలు చెప్పలేదా?"

"ఉడకబెట్టి ఉతికిన అత్తమ్మా. పుట్టినంక కుట్టుకునే తీరిక ఎవ్వలకుంటది?"

"నోరు మూసుకో."

ఆడబిడ్డ వైపు చూశాను. పోయిన వానాకాలం పుట్టింటికి వచ్చినప్పుడు నా పిల్ల ఒరుపుకు ఆముదం రాసింది తనే. తనైనా ఒక మాట అంటుందనుకున్నాను. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వదినా, నాకు గివే దొరికినయా నీకు?" అంది. అత్తగారు మూటను కొట్టంలోకి విసిరేశారు. ఆ రోజు వంటింట్లో గిన్నెలు తోముతూ నేను ఏడ్చింది బాధతో కాదు, కోపంతో. నెల రోజులు ఒక్కదాన్నే కూర్చుని వేసిన కుట్లు అవి.

మరునాడు వడ్లు దంచే అవ్వ వచ్చి, తన కోడలు ప్రసవించిందని, బిడ్డను పడుకోబెట్టడానికి గోనెసంచి తప్ప ఏమీ లేదని చెప్పింది. కొట్టంలోంచి మూట తెచ్చి, తాత నేసిన బట్టతో సహా ఆమె చేతిలో పెట్టాను. ఇచ్చేటప్పుడు మనసు తేలికపడలేదు. నా పంతం నేను నెగ్గించుకున్నాను, అంతే.

శ్రావణంలో ఆడబిడ్డకు కొడుకు పుట్టాడు. పుట్టిన రోజు నుంచే ముసురు. ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ రెండు రోజుల్లో తడిసిపోయాయి. దండెం మీద ఆరేసినవి మూడో రోజుకూ చెమ్మగానే ఉన్నాయి. అత్తగారు పెట్టె తెరిచి రైక గుడ్డలు చించారు. కొత్త గుడ్డ గరుకుకు పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చాడు. నాలుగో రోజు పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"ఆ మూట ఏడ పెట్టినవ్?"

"వడ్లు దంచే అవ్వకు ఇచ్చిన."

"ఇచ్చినవా? ఎవ్వల్నడిగి ఇచ్చినవ్? ఇంట్ల కాన్పు ఉన్నదని తెల్వదా? ముందుసూపు ఉండొద్దా ఆడిదానికి?"

కొట్టంలోకి విసిరింది ఎవరని అడగాలనిపించింది. గదిలోంచి ఆడబిడ్డ, "అమ్మా, వదిననేం అనకు," అంది. ఆ మాట రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది.

మూట వెనక్కి అడిగితెమ్మన్నారు అత్తగారు. నేను పోనన్నాను. ఆ ఇంట్లో ఆమె మాటకు నేను ఎదురు చెప్పడం అదే మొదటిసారి. ఆమె కాసేపు గొణిగి, మామగారి ధోవతులు రెండు తెచ్చి నా ముందు పడేశారు. అందులో ఒకటి ఆయన అప్పటిదాకా కట్టనే లేదు. దాన్ని గంజి పోయేదాకా నాలుగుసార్లు ఉడికించాను. కుంపటి మీద గంప బోర్లించి ఒక్కో గుడ్డా ఆరబెడుతూ కూర్చున్నాను. పొగకు కళ్ళు మండాయి. నా కూతురు నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది, గదిలో వాడు ఏడుస్తున్నాడు.

పురుడు వెళ్ళిన రోజు పలకరించడానికి వచ్చిన పక్కింటామె, పిల్లవాడి కింద మెత్తగా పరిచిన గుడ్డలు చూసి మెచ్చుకుంది. అత్తగారు మనవణ్ణి ఒళ్ళో సర్దుకుంటూ, "అన్ని నేను ముందుగాల్నే ఆలోచించుకుంట. ఈ కాలం పోరగాండ్లకు ఏం తెలుసు?" అన్నారు. పక్కింటామె అవునన్నట్టు తలూపింది. కుంపటి మీది గుడ్డ మాడు వాసన వేస్తుంటే నేను లేచి లోపలికి వెళ్ళాను.