ఐరన్ లెగ్ రాసిన రివ్యూ

ఒమాన్‌లోని నిజ్వాలో మా కంపెనీ క్యాంపు మెస్సులో నాకొక కుర్చీ ఉండేది. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు మాత్రం ఆ కుర్చీని గుమ్మం బయట వేసేవాళ్లు. నేను లోపల కూర్చుంటే మనవాళ్లు ఓడిపోతారట. కంచం కూడా బయటికే వచ్చేది. మా తెలంగాణ కుర్రాళ్లకు మొహమాటాలేమీ లేవు, ఉన్నమాట మొహమ్మీదే చెప్పేసేవారు.

"అన్నా, నువ్వు ఐరన్ లెగ్గు. ఏమనుకోకు గానీ, మ్యాచ్ అయ్యేదాంక ఇటు రాకు."

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండిపోయేది. పగలంతా స్టోర్లో సిమెంటు, ఇనుప రాడ్ల లెక్కలు చూస్తాను. డ్యూటీ దిగాక నా అసలు పని మొదలవుతుంది. ఆటల మీద పందేలు కట్టించుకునే యాప్‌లను పరీక్షించి తెలుగులో రివ్యూలు రాస్తాను. ఏ మ్యాచ్‌కి ఎవరు ఎంత రేటు ఇస్తున్నారు, ఆ రేటులో న్యాయం ఉందా, గెలిచినవాడి డబ్బు వాడి చేతికిస్తున్నారా లేదా అన్నీ చూసి ఫోన్లో నా ఛానల్లో పెడతాను. పేరు పెట్టను, రాసేది నేనని మా క్యాంపువాళ్లకు తప్ప తెలియదు. ఇక్కడ పందెం నేరం. పట్టుబడితే జైలు, ఆ తర్వాత ఇంటికి విమానం. అయినా క్యాంపులో సగం మంది ఆడుతూనే ఉంటారు. ఎలాగూ మానరు, కనీసం దొంగల చేతిలో పడకుండా ఉంటారని నా ఏడుపు.

యాప్‌లవాళ్లు నాకు మెసేజ్‌లు పెడుతుంటారు. మా లింకు పెట్టు, నీ ద్వారా వచ్చినవాళ్లు పోగొట్టుకున్నదాంట్లో నీకు వాటా ఇస్తాం అంటారు. గెలిచినదాంట్లో కాదు, పోగొట్టుకున్నదాంట్లో. ఒక్కడికీ జవాబివ్వలేదు. మెస్సులో ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. ఊరికే ఇంత కష్టం ఎవడు పడతాడు, లోపాయికారీగా ఏదో ముడుతోంది అనుకున్నారు.

నా పద్ధతి ఒక్కటే. డబ్బు వేయడం చూసి ఏ యాప్ గురించీ రాయను. వేసేటప్పుడు ప్రతివాడూ మనల్ని కొత్తల్లుడిలా చూసుకుంటాడు. అందుకని కొంచెం వేసి, కొంచెం ఆడి, మిగిలింది నా బ్యాంకులోకి లాగుతాను. అది వచ్చాకే మిగతా మాటలు.

మరి ఐరన్ లెగ్ ఎలా అయ్యానంటే, ఒకసారి మెస్సులో వాళ్లు అడగ్గా అడగ్గా గెలిచే జట్టేదో చెప్పాను. పిచ్ సంగతి, బౌలర్ల సంగతి, అన్నీ విడమరిచి మరీ చెప్పాను. ఆ జట్టు ఓడింది. ఇంకోసారీ అంతే అయింది. ఆటన్నాక అవుతుంది. కానీ వీళ్లు వింటేగా! నా కాలు మంచిది కాదని తేల్చేశారు. ఆనాటి నుంచి నేను ఈ జట్టు అంటే ఆ జట్టు మీద వేయడం మొదలైంది. అలా ఉల్టా వేసి గెలిచినవాడు మెస్సంతా చాటేవాడు. ఓడినవాడు కిక్కురుమనకుండా అన్నం కలుపుకునేవాడు. అందుకని నా పేరు రోజురోజుకీ గట్టిపడింది.

వంట మాస్టర్ ఒక్కడే నాతో మర్యాదగా ఉండేవాడు. కడప మనిషి. ఇంట్లో ఉర్దూ, మాతో కడప తెలుగు. నా కంచంలో ఒక ముక్క ఎక్కువ వేసి తనే బయటికి తెచ్చిచ్చేవాడు. "చిన్నపిల్లోళ్లు సార్, వాళ్ల మాటలు పట్టించుకోవాకండి" అనేవాడు. అతనూ నా మాటకు ఉల్టానే వేస్తాడని నాకు చాలా రోజులు తెలియదు.

ఈ ఏడు మా అర్బాబ్ మెస్సు వంట తీసేసి, బయట క్యాటరింగ్‌కి ఇచ్చేశాడు. యజమాని నోటి నుంచి మాట రావడం ఆలస్యం, మాస్టర్ వీసా క్యాన్సల్ అయిపోయింది. అన్నేళ్ల సర్వీసుకి సెటిల్‌మెంట్ చేతికొచ్చింది. కడప బస్టాండు దగ్గర బిర్యానీ హోటల్ పెట్టాలని అతని ఆశ. వచ్చిన డబ్బు షాపు అడ్వాన్సుకి సరిపోతుంది, గిన్నెలకీ పొయ్యిలకీ సరిపోదు.

ఆ వారంలోనే నేనొక కొత్త యాప్‌ని పరీక్షించాను. నేను వేసిన డబ్బు చిటికెలో వెళ్లింది. తీద్దామంటే పాస్‌పోర్టు ఫోటో అడిగారు. పంపితే మొహం వీడియో అడిగారు. అదీ పంపితే ముందు పన్ను కట్టమన్నారు. "ఇందులో వేస్తే వెళ్తుంది, తీస్తే రాదు. దీని జోలికి పోకండి" అని రాశాను. క్యాంపులో అందరూ చదివారు, మాస్టర్ కూడా చదివాడు.

ఐరన్ లెగ్ వద్దన్నాడంటే తప్పకుండా కలిసొచ్చే యాప్ అనుకున్నాడతను. సెటిల్‌మెంట్ మొత్తం తీసుకెళ్లి అందులో పోశాడు. జట్ల విషయంలో ఉల్టా వేస్తే సగంసార్లు తగులుతుంది. దొంగ దగ్గర ఉల్టా ఏముంటుంది? ఇంత చిన్న సంగతి ఒక్కడి బుర్రకీ ఎక్కలేదు.

పైగా గెలిచాడు. ఫోన్ తెర మీద అతని డబ్బు రెట్టింపైంది. ఆ మధ్యాహ్నం అందరికీ బిర్యానీ వండిపెట్టాడు. మర్నాడు డబ్బు తీయబోతే పాస్‌పోర్టు, వీడియో, పన్ను వరసగా వచ్చాయి. పోలీసుల దగ్గరికి పోవడానికి లేదు. ముందు లోపల వేసేది అతన్నే.

అప్పుడు నా రూమ్‌కి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు. యాప్ కస్టమర్ కేర్ తెలుగులోనే రాసింది. ఒమాన్‌లో ఒకాయన మా మీద చెడ్డగా రాశాడు, అది తీయిస్తే మీ డబ్బు వదులుతాం అని.

"మీరు రాసిండేది తీసేయండి సార్. మీ సొమ్మేం పోదు గదా."

"తీసినా ఇవ్వరు భాయ్. నా డబ్బే ఇవ్వలేదు. నేను తీసేస్తే ఇంకో పదిమంది పోయి పడతారు."

"పడనీ సార్. వాళ్లు నాకేమవుతారు? హోటల్ పెడతాండామని నా కొడుక్కి చెప్పేసినా. వాడు ఉన్న పని మానుకోని కూచున్నాడు."

"తీయను."

కాళ్లు పట్టుకోబోయాడు. నేను వెనక్కి జరిగాను. జాలి వేసింది, అంతకు రెండింతలు కోపం వచ్చింది. వద్దని రాసినప్పుడు పనికిరాని మాట ఇప్పుడెందుకు పనికొచ్చిందని అడిగేశాను. అతను లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. "మీ నోరు పడబట్టే నా దుడ్డు ఆగిపోయింది సార్" అని వెళ్లిపోయాడు. మస్కట్ బస్సెక్కేటప్పుడు అందరినీ కౌగిలించుకున్నాడట, నాకు మాత్రం చెప్పలేదు.

కొన్ని వారాలకు నేను మెస్సులోకి అడుగుపెట్టగానే ఈలలు వేశారు.

"అన్నా, నీ రివ్యూ ఏడ్చినట్టుంది. మాస్టర్‌కి పైసలొచ్చినయ్. మొత్తం ఇచ్చిన్రట."

నేను బయటికొచ్చి అతనికి ఫోన్ చేశాను. ఎత్తడనుకున్నాను గానీ ఎత్తాడు. డబ్బు వచ్చిందా అని సూటిగా అడిగాను.

"రాలేదు సార్" అన్నాడు నిదానంగా. "మన క్యాంపోళ్లను చేర్పిస్తే నాది వదులుతామన్నారు. కొందరు చేరినారు. ఇంగా కొందరు చేరాల. మీరు మధ్యలో రావాకండి."

"వాళ్లు నీ చేతి వంట తిన్నవాళ్లు భాయ్."

"మీరూ తిన్నారు గదా సార్. మీరేం చేసినారు నాకు?"

ఫోన్ పెట్టేశాడు. నేను లోపలికి వెళ్లి, టీవీ ఆపి, అతను నాతో అన్న ప్రతి మాటా అందరికీ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఒక క్రేన్ ఆపరేటర్ మాత్రం అన్నం మధ్యలో చెయ్యి ఆపాడు. కరీంనగర్ వైపు మనిషి. అప్పటిదాకా ఆ యాప్‌లో ఒక్క రియాల్ కూడా వేయనివాడు. జేబులో ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, నా ఎదుటే మాస్టర్‌కి కలిపాడు.

"మాస్టర్, అన్నేమో నీకు పైసలు రాలేదంటుండు."

"వచ్చినాయి రా. షాపుకి అడ్వాన్సు గూడా కట్టేసినా. సార్ సంగతి మీకు తెలీనిదా."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. ఆపరేటర్ ఇంకా ఫోన్ వైపే చూస్తున్నాడు. నేను అతని భుజం పట్టుకుని వద్దని తల ఊపాను. నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"మా బిడ్డ కాలేజి ఫీజుకు దాచిన పైసలు మాస్టర్ ఇవి. గందుకే అడుగుతున్న. ఒట్టు పెట్టి చెప్పు."

మాస్టర్ ఫోన్ పెట్టేశాడేమోనని ఆపరేటర్ తెర వైపు చూసుకున్నాడు. పెట్టేసి ఉంటే బాగుండుననుకున్నాను నేను.

"నా కొడుకు మీద ఒట్టు రా" అన్నాడు మాస్టర్. "వెయ్."

అతను వేశాడు.