రబ్బరు పెట్టిన పట్టీలు

మా ఆయనకు నర్సీపట్నంలో ఫైబర్ షెడ్డు ఉంది. తలుపులు, ట్యాంకు మూతలు చేస్తారు. వాటికి జిగురుతో పొరలుగా అతికే గాజునార గుడ్డను, అదే గాజుగుడ్డను, కొలతకు కత్తిరించి ఇవ్వడం నా పని.

మా అన్నయ్య కొయ్యూరు రూటులో ఆటో తిప్పుతాడు. తన ఆటోకు ఫైబర్ టాపు కావాలంటే మా ఆయన ఇష్టంగా చేసిచ్చారు. వంగకుండా లోపలివైపు అడ్డంగా ఫైబర్ పట్టీలు వేశారు. గట్టిగానే ఉంది కానీ, ఇంజన్ స్టార్టయితే చాలు, టాపంతా జుమ్మని మోగేది.

"సెవులు గింగుర్లెత్తిపోతన్నాయి బావా. ఎనకాల కూకున్నోళ్ళు తిడతన్నారు. ఏటైనా సెయ్యి," అన్నాడు అన్నయ్య.

మా ఆయన ఆ పట్టీలు తీసేసి కొత్తవి వేశారు. ఈసారి గాజుగుడ్డ పొరల మధ్య లారీ ట్యూబు రబ్బరు పరిచారు. అదురంతా రబ్బరు మింగేసింది. అన్నయ్య నన్ను ఎక్కించుకుని రోలుగుంట దాకా తిప్పి తీసుకొచ్చాడు. దారి పొడుగునా మామూలు గొంతుతో మాట్లాడుకున్నాం. ఆయన చేసిన వాటిలో నాకంత గర్వమనిపించింది మరొకటి లేదు.

జీడిపిక్కల రోజుల్లో అన్నయ్య టాపు మీద బస్తాలు వేసుకుని కొండ దిగుతుంటే, ఒక గోతిలో పడ్డ కుదుపుకు పట్టీ విడిపోయింది. టాపు కుంగి, లోపల కూర్చున్న ముసలమ్మ నుదురు చిట్లింది. ఆమెకు కుట్లు వేయించి, అన్నయ్య ఆటోను నేరుగా షెడ్డుకు తెచ్చాడు.

"సప్పుడు పోవాలన్నాను గానీ బావా, బలం పోవాలన్నానేటి?"

మా ఆయన తల దించుకున్నారు. "ఇలాగవుద్దని తెలీలేదు బావా."

అన్నయ్య వెళ్ళాక ఆ పట్టీని కోసి చూశాం. గాజుగుడ్డ ఎక్కడా తెగలేదు. రబ్బరుకు అంటుకున్న చోట పై పొర, కింది పొర ఊడిపోయి, దేని దారిన అది జారాయి. విడిగా ఏ పొరకూ అంత బరువు మోసే శక్తి లేదు. రబ్బరును అంచుల దాకా పరవకుండా, చుట్టూ గుడ్డను గుడ్డకే అతికితే? ఆయన అలా ఒక పట్టీ చేసి, రెండు దిమ్మల మీద పెట్టి, పైన ఇటుకలు పేర్చారు. కాస్త వంగింది. విడిపోలేదు. తట్టి చూస్తే మోతా లేదు.

నేనే అన్నయ్యకు ఫోన్ చేశాను. "ఒక్కసారొచ్చి సూడన్నయ్యా."

"వద్దు సెల్లీ. రెక్సిన్ టాపు ఏయించేసినాను. ఆ ముసలమ్మ రగతం నా సీటు మీద కారింది. ఇంక నా దగ్గర దాని మాటెత్తకు."

మా ఆయన పక్కనే ఉండి విన్నారు. ఇటుకలు దించేశారు. తర్వాత ఆటో టాపు ఎవరు అడిగినా చెయ్యనన్నారు.

అన్నయ్య మా ఇంటికి వస్తూనే ఉంటాడు. వానల గురించి, పిల్లల చదువుల గురించి ఇద్దరూ బాగానే మాట్లాడుకుంటారు. షెడ్డు మాట ఎత్తరు. అంత కష్టపడి కుదుర్చుకున్న పట్టీ ఒక్క బండి కూడా ఎక్కలేదే అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.