పటేల్ బండికి గట్టి ప్లేటు

నా చెవుల గురించి కరీంనగర్‌లో బండ్లున్నవాళ్లలో సగం మందికి తెలుసు. గొప్పలు కావు, ఉన్న మాటే. మా బాపు బతుకంతా సాంచెల మీద బట్ట నేశాడు. షెడ్డు నిండా మరమగ్గాలు దడదడలాడుతుంటే బయట కూర్చుని బీడీ కాలుస్తూ, “మూడో సాంచె తేడా కొడుతుంది, పోయి చూడుపో” అనేవాడు. పోయి చూస్తే నిజమే అయ్యేది. ఆ చెవి నాకొచ్చిందని నాకు చెప్పలేనంత పొగరు. చొప్పదండి రోడ్డులో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల షెడ్డు పెట్టాక, కంప్యూటర్ తగిలించి రోగం కనిపెట్టే మెకానిక్‌లను చూసి పగలబడి నవ్వేవాణ్ణి.

బోథ్ దగ్గరి ఊళ్లో పత్తి పండించే పటేల్ ఒకాయన నాకు పాత గిరాకీ. బండ్లంటే పిచ్చి. పెద్ద ఆటోమేటిక్ బండి ఒకటి కొని, టర్బో మార్చి ఇంజన్ బలం పెంచమని నా దగ్గరికి తెచ్చాడు. పెంచాను. ఆ పనిలో గేర్‌బాక్స్ దించినప్పుడు ఫ్లెక్స్‌ప్లేటు చేతికొచ్చింది. చూడ్డానికి అంచుకు పళ్లున్న పల్చటి ఉక్కు పళ్లెం, అంతే. కానీ ఇంజన్ తిరుగుడును గేర్‌బాక్స్‌కు అందించేది అదొక్కటే. అది తెగితే ఇంజన్ ఎంత అరిచినా బండి అంగుళం కదలదు.

పటేల్ ఆరోజు నా పక్కనే నిలబడి అడిగాడు. “మేస్త్రీ, బలం గింత పెంచినం గద. ప్లేటు గుడ గట్టిది తెప్పిద్దామా? నెల పట్టినా ఫికర్ లేదు.”

మా ఉస్తాద్ దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఇనుప సామాను ఏదైనా తీగకు వేలాడదీసి పానాతో ఒక్కటి కొట్టాలి. ఖంగుమంటే మళ్లీ బిగించు, మొద్దుగా మోగితే పారెయ్. మా దిక్కు షెడ్లలో చాలామంది అట్లానే చేస్తారు. నేనూ వేలాడదీసి కొట్టాను. బ్రహ్మాండంగా మోగింది. “ఇనుండ్రి పటేలా, గిది మనకంటె ఎక్కువ రోజులు బతుకుతది!” అన్నాను. ఆయన నవ్వాడు. ఆ మోత ప్లేటులో ఆనాడు పగులు లేదని మాత్రమే చెప్తుంది. రేపు పడబోయే బరువును తట్టుకుంటుందో లేదో చెప్పదు. ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు, నా మొహం మండ.

బండి ఇవ్వడానికి ఊరికి పోతే పటేల్ వాళ్ల అవ్వ, ఆయన కన్నతల్లి, జొన్నరొట్టె పెట్టింది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దులో, అందుకే అందర్నీ మరాఠీలో ‘బాళా’, అంటే బిడ్డా అని పిలిచేది. “ఇంకొకటి తిను బాళా, ఇనుముతోని కొట్లాడెటోనివి” అని నెయ్యి వంచింది. పెద్దావిడ, బక్కపల్చటి మనిషి, గట్టి గొంతు.

పత్తి ఏరే రోజులు. పొద్దున ఎనిమిదింటికి నేను షెడ్డు తెరుస్తుంటే ఫోన్ వచ్చింది. అవ్వకు ఛాతీలో నొప్పి. బండిలో వేసుకుని ఆదిలాబాద్ దవాఖానకు బయలుదేరాడట. సగం దారిలో ‘ధన్’మని చప్పుడొచ్చి బండి ఆగిపోయింది. “ఇంజన్ నడుస్తుంది మేస్త్రీ, బండి కదుల్తలేదు. నువ్వే ఇను” అని ఫోన్ బానెట్ దగ్గర పెట్టాడు.

విన్నాను. టక టక టక. లోపల తెగిన ప్లేటు కొట్టుకుంటున్న చప్పుడు. మొదటి క్షణంలోనే నాకు అర్థమైంది. కానీ అది ప్లేటైతే తప్పు నాది. గట్టిది వేద్దామని ఆయనే అడిగాడు, వద్దని నవ్వింది నేను. నోరు దానంతటదే అబద్ధం ఆడింది. “ఆయిల్ వేడెక్కింది పటేలా, పరేషాన్ గాకుండ్రి. బంద్ చేసి పది నిమిషాలు ఆగుండ్రి. మళ్ల చాలూ చేస్తే కదుల్తది.” పగులు కొంచెమే అయ్యుంటుంది, ఎట్లనో పట్టుకుని దవాఖాన చేరుస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఫోన్ పెట్టేసేముందు వెనక నుంచి అవ్వ గొంతు వినిపించింది. “ఏమంటుండు బాళా, మేస్త్రీ?”

బండి కదల్లేదు. తర్వాత ఏదో జీపును ఆపి తీసుకుపోయారు. దవాఖాన గేటు దాటేసరికి ప్రాణం పోయింది. జర ముందు తెస్తే చూసేవాళ్లమన్నారట డాక్టర్లు.

అప్పట్నుంచి ఆ గొంతు నన్ను వదల్లేదు. బండి కింద పడుకుని బోల్టు విప్పుతుంటే తల దగ్గరే ఎవరో వంగి అడిగినట్టుండేది, ‘ఏమంటుండు మేస్త్రీ?’ అని. ఉలిక్కిపడి తల లేపితే ఛాసిస్‌కు నుదురు కొట్టుకునేది. ఇంట్లో ఫ్యాన్ టకటకమంటే లేచిపోయి వాకిట్లో కూర్చునేవాణ్ణి. “ఏమైంది నీకు, దయ్యం పట్టిందా?” అని మా ఇంటామె తాయెత్తు కట్టించింది. దయ్యమైతే బాగుండు, తప్పు దానిదనుకునేవాణ్ణి. అవ్వ ఏ తప్పూ చెయ్యలేదు. ఆమె అడిగింది ఒక్క ప్రశ్నే, దానికి నేను అబద్ధం చెప్పాను.

దినాలైపోయి రెండు నెలలు గడిచాక పటేల్ లారీ మీద బండి తెచ్చి దింపాడు. “ప్లేటే తెగిందట మేస్త్రీ, ఇప్పుడన్న గట్టిది ఎయ్యి. అవ్వ దారిలనే పోవాల్నని రాసుంది, ఎవలేం జేస్తరు” అన్నాడు. ఒక్క మాటైనా నిష్ఠూరంగా అనలేదు. తిడితే హాయిగా ఉండేది. గేర్‌బాక్స్ దించాను. ప్లేటు నడుమ బోల్టుల చుట్టూ గుండ్రంగా, రొట్టె చించినట్టు తెగి ఉంది.

ఉక్కు దిమ్మెలోంచి కోసిన మందపాటి ప్లేటు తెప్పించాను. ఈసారి తీగకు వేలాడదీయలేదు. కొత్త బోల్టులు, వాటికి జిగురు, టార్క్ పానాతో ఎదురెదురుగా లెక్కప్రకారం బిగించాను. బిగించిన ప్రతి బోల్టు మీద, వదులైతే తెలిసేలా, తెల్ల గీత గీశాను. అయినా నమ్మకం కుదరక విప్పి మళ్లీ బిగించాను.

పటేల్ వచ్చి బండి చాలూ చేశాడు. ఇంజన్ మెత్తగా నడుస్తోంది. “ఎట్లుంది, జర ఇని చెప్పు” అన్నాడు. ఇక దాచుకోవడం నా వల్ల కాలేదు.

“పటేలా, ఆరోజు ఫోన్ల ఇన్నప్పుడే నాకు ఎర్కయ్యింది, ప్లేటు తెగిందని. బండి కదలదని గుడ ఎర్కే. నా తప్పు బయటపడ్తదని ఆయిల్ అన్న. పది నిమిషాలు ఉత్తగనే ఆపిన.”

ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తూ మెల్లగా అన్నాడు.

“బస్సొకటి వచ్చింది మేస్త్రీ. నేను చెయ్యి లేపిన, డ్రైవర్ ఆపిండు గుడ. అవ్వనే వద్దన్నది. మేస్త్రీ పది నిమిషాలన్నడు గద, అంతమందిల నన్ను కిందమీద చెయ్యకు, ఆగుదాం అన్నది. బస్సు పోయింది.”

షెడ్డు తలుపు పట్టుకుని నిలబడ్డాను.

“గా పది నిమిషాలు నువ్వేం జేసినవ్?” అని అడిగాడు. కోపం లేదు ఆ గొంతులో. తెలుసుకోవాలని అడిగాడు, అంతే.

“చాయ్ తాగిన పటేలా.”

ఆయన తల ఊపాడు. అద్దం ఎక్కించి గేరు వేశాడు. బండి వెంటనే కదిలింది.