పెట్టె పిన్ని గడప దాటిన సంగతి

పెట్టె పిన్ని అని వెనకాల నవ్వడం మీ అందరికీ వచ్చు. ఆవిడ మడతపెట్టిన చొక్కాలు తొడుక్కుని బళ్లకీ ఆఫీసులకీ దర్జాగా పోయారు. ఆ పేరు ఎందుకొచ్చింది, ఆ మనిషి ఎలా బతికింది అని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడైనా నోరు మూసుకుని వినండి.

వీధి వైపు గది, గదిలో నడుమెత్తు బల్ల, బల్ల మీద నాలుగు మడతల దుప్పటి, దాని మీద కరెంటు ఇస్త్రీ పెట్టె, గోడకి దాని స్విచ్చు. అదీ ఆవిడ ఇస్త్రీ దుకాణం. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఒక్కగానొక్క కూతురు పెళ్లి చేసుకుని, బస్సులో సగం రోజు దూరంలో ఉండేది. పిన్ని పనికి వంక పెట్టినవాళ్లు లేరు.

ఒకరోజు స్విచ్చు ఆపి సబ్బు కొనడానికి బయల్దేరింది. వీధి మలుపులో, ఆపానా లేదా అనిపించింది. వెనక్కి వచ్చి చూస్తే ఆపే ఉంది. మళ్లీ మలుపు దాకా వెళ్లింది, మళ్లీ అనిపించింది. ఆ పూట ఆరుసార్లు తిరిగింది, సబ్బు మాత్రం ఇంటికి రాలేదు. అలా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అనిపిస్తుంది, ఒకసారి చూసి ఊరుకుంటారు. ఆవిడకి తను చూసిన చూపు మీదే నమ్మకం పోయింది. ఇల్లు అంటుకున్నట్టు, మంట పక్కింటి పిల్లల దాకా పాకినట్టు కళ్లకి కట్టేది. గుండె దడదడలాడేది. స్విచ్చు ఆపి ఉందని తెలుసు. తెలిసినా ఆ దడ ఆగేది కాదు.

ఆవిడ కనిపెట్టిన ఉపాయం వినండి. చల్లారిన పెట్టెను పాత తువ్వాలులో చుట్టి, సంచిలో వేసుకుని బజారుకి పోయేది. పెట్టె చేతిలోనే ఉంటే ఇల్లెలా కాలుతుంది? రెండు నెలలు హాయిగా తిరిగింది. తర్వాత అనుమానం గ్యాసు పొయ్యి మీదకి మారింది. పొయ్యిని సంచిలో వేసుకోలేదుగా. ఇక గడప దాటడం మానేసింది.

భర్త మంచివాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"ఆపానంటావా?"

"ఆపావే తల్లీ."

"నువ్వు చూశావా?"

"చూశాను, ముట్టుకున్నాను, దండం కూడా పెట్టాను."

రోజుకి ముప్పైసార్లు ఇదే పాట. చెప్పినప్పుడల్లా ఐదు నిమిషాలు కుదుటపడేది, ఆరో నిమిషానికి మళ్లీ మొదలు.

ఇంతలో కూతురు నెల తప్పింది. ఏడో నెలలో ఫోన్ చేసి, "కాన్పుకి నువ్వు నా పక్కనుండాలమ్మా. ఇక్కడ నాకెవరున్నారు? అత్తగారు పోయి రెండేళ్లయింది" అంది. పిన్ని సరేనంది. ఒకసారి వెళ్లి చూసొద్దామని బస్సెక్కి, మూడో స్టాపులో దిగిపోయి ఇంటికి నడిచొచ్చింది. ఆ మాట విని కూతురు, "ఆ ఇస్త్రీ పెట్టెకే పురుడు పోస్తూ కూర్చో" అని ఫోన్ పెట్టేసింది.

ఆ వారమే ఆసుపత్రి నర్సు తన తెల్లకోటు కోసం వచ్చింది. వచ్చిన మనిషి పిన్ని వేళ్ల కొసల మీద బొబ్బలు చూసింది.

"ఇన్నేళ్లు చేసి ఇప్పుడు కాల్చుకుంటున్నావేంటి పిన్నీ?"

"పెట్టె చల్లారిందో లేదో ముట్టుకుని చూస్తాను."

"ఎన్నిసార్లు?"

పిన్ని తెల్లకోటు కాలరు దిద్దింది. "ఇరవై. లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి."

"ఎవరితోనైనా చెప్పావా?"

"చెబితే పిచ్చంటారు."

"పిచ్చి కాదు, జబ్బు. దీనికి వైద్యం ఉంది. రేపు మా మనసు డాక్టరమ్మ దగ్గరికి రా."

"రావాలంటే గడప దాటాలి కదమ్మా."

"పెట్టె తెచ్చుకో. ఎవరొద్దన్నారు?"

భర్తకి చెబితే నసిగాడు. "మనసు డాక్టరంటే, పదిమందికీ తెలిస్తే బాగుంటుందా?"

"ఈ సంచి చూసి పదిమందికీ ఎప్పుడో తెలిసింది. పద" అంది పిన్ని.

మర్నాడు పెట్టె సంచితోనే భర్త చెయ్యి పట్టుకుని గడప దాటింది. డాక్టరమ్మ సంచి వంక చూసి నవ్వలేదు. ఎన్నాళ్లుగా ఉంది, రోజుకి ఎన్ని గంటలు దీనికే పోతున్నాయి, నిద్ర పడుతోందా, అన్నీ అడిగింది. ఇది ఆందోళనతో ముడిపడ్డ జబ్బని, మనిషి చేతగానితనం కాదని చెప్పింది. మాత్రలు రాసి, గుణం కనపడటానికి నెలన్నర పట్టొచ్చు, మధ్యలో మానొద్దంది. అసలు చేదు మందు వేరే ఉంది. స్విచ్చు ఒకసారి ఆపాలి, ఒకసారి చూడాలి, బయటికి నడవాలి. గుండె ఎంత కొట్టుకున్నా వెనక్కి రాకూడదు. భయం పైకి లేస్తుంది, తిరిగొచ్చి చూడకపోయినా దానంతటదే దిగుతుంది. అంతా చెప్పి భర్త వైపు తిరిగింది.

"మీరు జవాబు చెప్పడం ఆపండి."

"నేనేం చేశానండీ?"

"జబ్బుకి రోజుకి ముప్పైసార్లు అన్నం పెడుతున్నారు."

మాత్రలకి మొదటి వారం కడుపులో తిప్పి, పిన్ని మానేసింది. నర్సు ఇంటికొచ్చి చీవాట్లు పెట్టి, డాక్టరమ్మనడిగి మళ్లీ మింగించింది. వీధి చివర బస్టాపు బల్ల మీద పది నిమిషాలు కూర్చోవడం మొదటి పాఠం. ఏడో నిమిషానికి లేచి ఇంటికి పరుగెత్తింది. మర్నాడు పది నిమిషాలూ కూర్చుంది. పై వారానికి అరగంట. ఆవిడకంటే భర్తకి కష్టమైంది.

"ఒక్కసారి చెప్పు. డాక్టరమ్మకి తెలియదు."

"నాకు తెలుస్తుంది కదే" అని పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడేవాడు.

తొమ్మిదో నెల నడుస్తున్నా జబ్బు సగమే తగ్గింది. పూర్తిగా తగ్గాక వెళ్తానంటే, సగంతోనే వెళ్లమంది డాక్టరమ్మ. పిన్ని బట్టలు మాత్రమే సర్దుకుని బస్సెక్కింది. మూడో స్టాపులో లేచి నిలబడింది.

"దిగుతారా?" అన్నాడు కండక్టరు.

"లేదు నాయనా, నడుం పట్టేసింది" అని కూర్చుంది.

చాలా దూరం వరకు ముందు సీటు కడ్డీ వదల్లేదు. తర్వాత పక్కావిడ భుజం మీద వాలి నిద్రపోయింది. మూడో రోజు ఇంటికి ఫోన్ చేసి పొయ్యి మాట ఎత్తబోతే, "కూర వండటం గురించైతే అడుగు, చెబుతా" అన్నాడు భర్త. మనవరాలు పుట్టినప్పుడు కూతురి తల దగ్గర ఆవిడే ఉంది. నొప్పుల్లో కూతురు తిట్టిన తిట్లన్నీ ఆవిడే పడింది. పద్దెనిమిది రోజులుండి వచ్చింది.

మాత్రలు రెండేళ్లు వాడింది. భర్త పోయినప్పుడు అనుమానం మళ్లీ తలెత్తితే, వారం తిరక్కుండా తనే ఆసుపత్రికి వెళ్లి వరసలో కూర్చుంది. దుకాణం చాలాకాలం నడిపింది. చివరికి ఊపిరితిత్తుల జబ్బు చేసి, కూతురింట్లో పోయింది. అప్పటికి ఆవిడకి డెబ్బై మూడేళ్లు.