కడగని సగం

నీకు కోపం ముక్కు మీదే ఉంటుందని అమ్మ ఎప్పుడూ తిడుతుంది. ఆ రోజు దాన్ని ల్యాబులో కూడా దాచుకోలేకపోయాను.

పీహెచ్‌డీ గడువు ముగియవస్తోంది. నా చేతిలో ఒక్క ట్యూబు మిగిలింది. ఈస్ట్ కణాల కేంద్రకాల నుంచి నానా అవస్థలూ పడి తీసిన ప్రోటీన్ల గుంపు అందులో ఉంది. అది పని చేస్తుందని చూపించలేకపోతే నాకు థీసిస్ లేదు.

ఆక్టిన్ కణానికి ఆకారమిచ్చే ప్రోటీన్. ఒకదానికొకటి తగులుకుని పోగులు కడుతుంది. దానికి చుట్టాలున్నాయి. అదే మడత, మధ్యలో కణానికి శక్తినిచ్చే ఏటీపీని పట్టుకునే అదే చీలిక. కేంద్రకంలో ఉండే చుట్టాలు మాత్రం పోగులు కట్టవు. డీఎన్ఏ చుట్టుకున్న ఉండలను పక్కకు జరిపే యంత్రంలో భాగంగా ఉంటాయి. నేను తీసింది ఆ యంత్రాన్నే. అయితే తీసిన ప్రతిసారీ ఆ చుట్టాలతో పాటు ఆక్టిన్ కూడా వచ్చేది.

మా గైడు మేడమ్‌కి అది మురికి. కేంద్రకం బయటి నుంచి అంటుకొచ్చిందనీ, గట్టి ఉప్పునీళ్ళతో కడిగేయాలనీ ఆవిడ పట్టు. ప్రోటీన్లను గీతలుగా విడదీసి చూపే జెల్‌లో అక్కరలేని గీత ఒక్కటి కనిపించినా దాన్ని ఆవిడ ముందు పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడదీ మా ఊరి తెలుగే, మా ఇంటివాళ్ళ అంగడీ ఆవిడకు తెలుసు.

"పప్పుల అంగడి పిల్లవి, రాళ్ళు ఏరేది తెలీదా నీకు?" అంది.

"రాయైతే ఏరేస్తా మేడం. ఇది రాయని ఎవురు చెప్పినారు?"

"ఎదురు మాట్లాడొద్దు. కడుగు."

నాకు ఒళ్ళు మండింది. సగమే కడిగాను. మిగతా సగాన్ని ఆవిడ చూస్తుండగానే పక్కన పెట్టాను. ఆవిడ నా వైపు ఒక చూపు చూసి గదిలోకి వెళ్ళిపోయింది. అప్పుడు పట్టుకుంది భయం. ఏది చెడినా మళ్ళీ చేయడానికి చుక్క కూడా లేదు.

రెండు సగాలకూ రంగు కట్టిన డీఎన్ఏ ఉండలనూ ఏటీపీనీ కలిపి, జెల్ మీద పక్కపక్కన నడిపాను. ఉండ జరిగితే గీత చోటు మారుతుంది. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. పరుగెత్తి జెల్ నడుస్తోందా అని చూశాను. సరిగ్గా అప్పుడే కోసపాళయంలోని మా ఇంటి నుంచి అమ్మ ఫోను.

"యాడున్నావే? అన్నం తిన్యావా?"

"పెట్టేయ్ మా!"

"ఏందే అట్ట కసురుకుంటావు?"

ఫోను పెట్టేశాను.

జెల్ చూడటానికి మేడం కూడా వచ్చింది. కడిగిన సగంలో గీత ఉన్నచోటే ఉంది. కడగని, ఆక్టిన్ ఉన్న సగంలో జరిగింది. స్పష్టంగా జరిగింది. "చూశారా?" అని అరవబోయాను. మేడం కుర్చీ లాక్కుని కూలబడింది.

నాకు ముందు ఈ ల్యాబులో ఇదే పని చేసిన సీనియర్ అక్క ఒకామె, తన ప్రోటీన్ ఉండను కదపడమే లేదని ఏడ్చి ఏడ్చి, డిగ్రీ లేకుండానే వెళ్ళిపోయింది.

"ఆ పిల్లతో కూడా నేనే కడిగించినానే," అంది మేడం.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. జెల్ మీద ఆ రెండు గీతలనూ మళ్ళీ చూశాను.

"ఇంగో తూరి మొదట్నించీ చేసి చూడాల," అంది మేడం. తర్వాత ఫోను తీసి, ఆ అక్క నంబరు ఉందా అని నన్ను అడిగింది.