ఖర్జూరపు చెట్టు, గడువు తీరిన లైసెన్సు

ఒక దేశం మొత్తం కూలిపోతుంటే, నా లైసెన్సు గడువు ముగిసిందని చెట్టు మీద దాక్కున్న మొనగాణ్ణి నేను. నవ్వండి. నవ్వడానికింకా ఏ ఆఫీసూ ఫీజు పెట్టలేదు.

కువైట్‌లో, వఫ్రా తోటల్లో ఖర్జూరపు చెట్లెక్కి మట్టలు నరకడం, గెలలు దించడం నా పని. దానికో లైసెన్సు! ఏటేటా ఫీజు కట్టి రెన్యూవల్ చేయించాలట. ఏం, ఏడాది తిరిగేసరికి చెట్టెక్కడం మరిచిపోతానా? ఆ ముద్ర వేసే గుమస్తా కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి, ఆయనా నాకు పరీక్ష పెట్టేది! ఆ ఒళ్లుమంటతో ఆ ఏడు కట్టలేదు. లైసెన్సు లేకుండా చెట్టు మీద దొరికితే ఊరికి పంపేస్తామని నోటీసొచ్చినా కట్టలేదు.

1990 ఆగస్టు ఎండలో చెట్టు మీదున్నాను. కింద నా జతగాడు, రాయచోటి మస్తాన్, గావుకేక పెట్టాడు.

"న్నా, యల్లా, తొందరగా దిగు! మిలటరీ వొచ్చింది!"

చూస్తే తోట గేటు దగ్గర నిజంగానే ట్యాంకు! నా గుండె సగం తెగిన గెలలా వేలాడింది.

"ఒక్క కాయితానికి ట్యాంకు తెచ్చినారేంరా! నేను లేనని చెప్పు!"

"అంతగా అరుస్తా ఉండావు, లేవని ఎట్ల జెప్పేది? వాళ్లు ఇరాకోళ్లంట న్నా!"

"ఏ ఊరోళ్లయితే ఏమిరా, ఫైను ఫైనే!"

ఇంతలో వాళ్ల ఆఫీసరు తుపాకీ పైకెత్తాడు. నాకున్న అరబ్బీ అంతా కూడగట్టి మొరపెట్టుకున్నాను.

"రేపు కడతా సార్! లైసెన్సు రేపు!"

"ఏం లైసెన్సు?"

"చెట్టెక్కే లైసెన్సు సార్!"

తుపాకీ దించి పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆ ఆఫీసు ఖలాస్. ఈ దేశమే ఖలాస్. ఆకలవుతోంది, గెలలు కొయ్యి."

దేశం పోయిందని మస్తాన్ కింద ఏడుస్తుంటే, పైనుంచి నేనడిగిన మాట వినండి: "అయితే ఫీజు కూడా ఖలాసేనా సార్?"

అవునన్నాడు. ఆ సంబరంలో అడగని చెట్లు కూడా ఎక్కి కోసిపెట్టాను.

యుద్ధం ముగిసింది. రెన్యూవల్ కోసం మళ్లీ వెళ్తే అదే ఆఫీసు, అదే గుమస్తా. సైన్యాలు వచ్చి పోయాయి గానీ, ఆయన కుర్చీలోంచి కదిలినట్టు లేదు.

"గడువు దాటాక చెట్టెక్కావా?"

తోడొచ్చిన మస్తాన్ నా కాలు తొక్కాడు. నా నోరు ఆగితేనా!

"ఎక్కినా సార్! తుపాకీ ఎదురుగా పెడితే, ప్రాణాలకు తెగించి ఎక్కినా!"

"లైసెన్సు లేకుండానా?" అంటూ ఫైను రాసేశాడు. ఊరికి పంపకపోవడమే దయట!

అందుకే ఇదిగో, నరికిన మట్టల సాక్షిగా నా ప్రమాణం: ఇకమీదట ఏ సైన్యమొచ్చి గురిపెట్టినా సరే, రెన్యూవల్ కాకుండా చెట్టెక్కను. కాలిస్తే కాల్చుకోనీ. చావుకు లేటు ఫీజు లేదు.